చలి నేర్చిన పూలు

మొక్కకి చలి నేర్పాలంటే ముందు దాని మీద ముద్దు చంపుకోవాలి. నీళ్ళు తగ్గించాలి. యూరియా మానెయ్యాలి. పొద్దు వాలగానే పైకప్పు తీసేసి ఇవాళ గంట, రేపు రెండు గంటలు అంటూ బయట చలిలో వదిలెయ్యాలి. ఇరవై ఒక్క రోజులు అలా ఏడిపిస్తే పాన్సీ పూలమొక్క పొట్టిగా, ఆకులు ఊదారంగు తిరిగి, నేల కరుచుకుని, చూడ్డానికి దరిద్రంగా తయారవుతుంది. అప్పుడిక గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకున్నా దానికి లెక్క లేదు. తెల్లారేసరికి గాజుముక్కలా బిగుసుకుపోతుంది. పదింటికల్లా ఏమీ ఎరగనట్టు తలెత్తి నిలబడుతుంది.

ఐదో తరగతిలో బడి మానేసిన మట్టపర్తి నూకరాజు, కడియం నర్సరీల్లో సగం, ఊటీ తోటల్లో సగం జీవితం మట్టి పిసికి నేర్చుకున్న చదువు ఇది. దీనికి పట్టా ఎవరూ ఇవ్వరు. ఉత్త చేతులతో వచ్చిన చదువుకి విలువ కూడా ఉత్తదే.

ఆ మార్గశిరంలో ఒక సాయంత్రం డాక్టర్ కృపాకర్ మడి గట్టు మీదకి వచ్చి నిలబడ్డాడు. మెడ చుట్టూ మఫ్లరు, చేతిలో ఎప్పటిలాగే పెన్ను. లంబసింగికి పైన, జీపు తప్ప ఇంకేదీ ఎక్కని ఆ కొండ మీద ప్రయోగశాల ఆయనదే.

"ఇవేంటి నూకరాజూ, ఇలా చచ్చినట్టున్నాయి? ఆ పక్క మడిలోవి చూడు, ఎంత పచ్చగా ఉన్నాయో."

"ఆ పక్కయి పాలూ పెరుగూ తిన్న పిల్లలండి. ఇయి గంజి తాగినయి. చలికి నిలబడేది ఇయ్యేనండి."

కృపాకర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఈసారి నీ లెక్క ప్రకారమే చేద్దాం. ఇరవై ఒక్క రోజులూ ఉంచు. కరగబెట్టడం కూడా నీ పద్ధతే, నీడలోనే. ఈసారి పెట్టెలో పడుకునేది నేను," అన్నాడు.

నూకరాజు చేతిలోని కలుపు తీసే బొరిగె కింద పెట్టి ఆయన మొహంలోకి చూశాడు. భయం ఉంది. భయంతో పాటు మొండితనమూ ఉంది. పిరికివాడైతే కోపం సగం చచ్చేది. కృపాకర్ పిరికివాడు కాడు. అదే నూకరాజుకి కడుపు మండే సంగతి.

"ఆయ్. మొక్కలు సిద్ధం చేత్తానండి," అన్నాడు.

పాన్సీ గడ్డకట్టినా ఎందుకు చావదో కనిపెట్టినవాడు కృపాకర్. మంచు ఆ మొక్క ఒంట్లో పేరుకుంటుంది గాని కణం లోపల పేరుకోదు, కణానికీ కణానికీ మధ్య సందుల్లో పేరుకుంటుంది. చలి నేర్చిన ఆకుల్లో ఊరే ఒక రసం కణాన్ని కాపు కాస్తుంది. ఆయన ఆ రసం పిండి, వడకట్టి, కుందేలు నరంలోకి ఎక్కించి, కుందేల్ని మంచుపెట్టెలో పెట్టాడు. అది రాయిలా బిగుసుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి క్యారెట్ కొరికింది. ముందు చెవులు కదిలించింది, తర్వాత కళ్ళు తెరిచింది, కాళ్ళు మాత్రం ఇంకో రెండు గంటల పాటు ఆడలేదు.

ఆ రసం మనిషికి పనికొస్తే ఏజెన్సీలో బతికే ప్రాణాలు ఎన్నో. రోడ్డు లేని ఊళ్ళు. పురిటి మనిషైనా, పాము కరిచినవాడైనా డోలీ కట్టి, నలుగురు మోసి, కొండ ఘాటీ దిగేలోపు సగం మంది దారిలోనే పోతారు. రసం ఎక్కించి చల్లబెడితే ప్రాణం ఎక్కడిదక్కడ ఆగుతుంది. ఆస్పత్రిలో తీరిగ్గా మళ్ళీ కదిలించుకోవచ్చు.

ఆ మాట విని మొదట ముందుకొచ్చినవాడు నూకరాజు బామ్మర్ది సన్నిబాబు. వాడి పెళ్ళాం చిలకమ్మ డోలీలోనే పోయింది. ఘాటీ మూడో మలుపు దగ్గర. డోలీ కర్ర ముందు కొస వాడి భుజం మీదే ఉంది.

"మొక్కలకి ఏడుపు నేర్పతన్నావు కదా బావా, నాకూ నేర్పీ," అన్నాడు సన్నిబాబు ఆ రోజుల్లో, అరుగు మీద కూర్చుని బఠానీలు నములుతూ.

"నీకు నేను నేర్పేదేటుందిరా, పుట్టుకతోనే గెడ్డకట్టిన బుర్ర నీది."

"అందికే నాకేటీ అవదు. ఒక రేత్రి తొంగుంటాను, లెగుత్తాను. చిలక లాటి ఇంకో మనిసి మూడో మలుపు దాటుద్ది."

చిలకమ్మ పోయిన రోజునుంచి సన్నిబాబు కల్లు ముంత ముట్టుకోలేదు. ఆ రోజు డోలీ ఎత్తేముందు తాగి ఉన్నానని, తాగకపోతే ఇంకా వేగంగా నడిచేవాణ్ణని వాడి బాధ. ఊరందరికీ తెలుసు ఆ సంగతి. పెళ్ళిళ్ళలో కూడా వాడికి మజ్జిగే ఇచ్చేవారు.

పోయిన పుష్యమాసంలో పరీక్ష పెట్టారు. మొక్కలకి చలి మొదలుపెట్టి అప్పటికి తొమ్మిది రోజులే అయింది. హైదరాబాదు నుంచి ప్రయోగశాలకి డబ్బిచ్చే పెద్దవాళ్ళు వస్తున్నారు, తేదీ మారదు.

"డాక్టరుగారండి, తొమ్మిది రోజుల మొక్క మొక్క కాదండి. రసం పల్చగా ఉంటది. ఇంకో పన్నెండు రోజులు ఆగండి," అన్నాడు నూకరాజు, అందరి ఎదుట.

కృపాకర్ నవ్వాడు. "నువ్వు మొక్కలకి నీళ్ళు పొయ్యి నూకరాజూ. నాకు చదువు చెప్పకు."

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. చక్రాల మంచం మీద పడుకున్న సన్నిబాబు కూడా నవ్వాడు, పాపం.

మర్నాడు పొద్దున్న పెట్టె తెరిచాక ఇంకో మాట కూడా చెప్పాడు నూకరాజు. మంచు పట్టిన పాన్సీ మీద తెల్లారగానే ఎండ పడితే మొక్క చస్తుంది. సందుల్లో గడ్డ ఒక్కసారిగా కరిగితే కణం తట్టుకోలేదు, పగిలిపోతుంది. అందుకే గోనె కప్పి నీడన మెల్లగా కరగనిస్తారు. ఆ మాటా ఎవడూ వినలేదు. ఎనిమిదింటికి పెద్దవాళ్ళ జీపు హారను వినపడింది. వాళ్ళు లోపలికి వచ్చేసరికి మనిషి లేచి ఉండాలని కృపాకర్ హీటర్లు రెండూ వేశాడు.

సన్నిబాబు లేచాడు. చచ్చిపోతే ఒక ఏడుపుతో పోయేది. లేచాడు గాని మనిషి లేడు. ఎడమకాలి వేళ్ళు మూడు నల్లబడి రాలాయి. అక్కని ఎరగడు, బావని ఎరగడు. పొద్దున్నే పెరట్లో కూర్చోబెడితే ఎండ ఎటు తిరిగితే అటు మొహం తిప్పుకుంటూ కూర్చుంటాడు.

పరీక్ష మర్నాడే కృపాకర్ ఒక కాగితం తెచ్చాడు. అంతా ఇంగ్లీషు. "మనవాణ్ణి పెద్దాసుపత్రిలో చేర్చడానికి, సాక్షిగా నీ సంతకం కావాలి." నూకరాజు కింద తెలుగులో తన పేరు నాలుగక్షరాలూ పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో వేలిముద్ర వేసే ముసలివాళ్ళ చేత కూడా కరణం కాగితం చదివి వినిపించి, 'చదివి వినిపించగా విని ఒప్పుకుంటిని' అని రాయించి మరీ వేయించేవాడు. సంతకం చేయడం వచ్చినవాడికి ఎవరూ చదివి వినిపించరు. వచ్చీరాని చదువు చేసే ద్రోహం అదే.

విశాఖపట్నం ఆస్పత్రిలో కళ్ళజోడు పెట్టుకున్న నర్సమ్మ ఆ కాగితం చూసి నొసలు చిట్లించింది. "పరీక్షకి తాగి వచ్చాడా ఇతను? ఆ సంగతి డాక్టరు దగ్గర దాచాడని, అందువల్లే ఇలా అయిందని రాసుంది. సాక్షి నూకరాజు. ఎవరు, మీరేనా?"

పక్కన నూకరాజు పెళ్ళాం అప్పలనరస నిలబడి ఉంది. తమ్ముడి తల తన పొట్టకి ఆనించుకుని ఉంది. ఆమె మొగుడి వైపు చూసింది. ఆ చూపు నూకరాజు ఒంట్లో అప్పుడు గడ్డకట్టింది, ఇక కరగలేదు.

"నాకు తెలీదు నరసా. ఇంగ్లీషులో ఉంది," అన్నాడు బస్సులో.

"తెలకుండా సంతకం ఎలా ఎట్టీసినావు?"

అంతే. ఆ తర్వాత పదకొండు నెలలు అప్పలనరస వండింది, వడ్డించింది. అతని ఎదురుగా మాత్రం కూర్చోలేదు. తమ్ముడికి తినిపించి, తన కంచం పట్టుకుని పెరట్లోకి పోయేది. ఊళ్ళో పిల్లలు సన్నిబాబుని చూసి "తాగుబోతు మావ" అనడం మొదలుపెట్టారు. మజ్జిగ తాగి బతికినవాడికి ఆ పేరు తెచ్చిపెట్టింది నూకరాజు చేతిరాత.

పని మానెయ్యొచ్చు. కొండ దిగిపోవచ్చు. నూకరాజు మానలేదు. వానాకాలమంతా విత్తనాలు వేశాడు, కలుపు తీశాడు, "ఆయ్" అన్నాడు. డాక్టరు దగ్గర పని చేసేవాళ్ళు, సొంత బామ్మర్ది అంతలా అయినా ఇతగాడు ఇక్కడే ఉన్నాడు, ఎంత చల్లటి మనిషో అనుకున్నారు. నిజమే. చలి నేర్చుకుంటున్నాడు.

కృపాకర్ తానే పడుకుంటానన్న రోజున నూకరాజు ముందు ఆ పక్క మడి వైపే చూశాడు. పాలూ పెరుగూ తిన్న మడి. ఆ పచ్చటి ఆకులు కోసి రసానికి ఇస్తే చాలు. డాక్టరు ముచ్చటపడి తనే కోయించుకునేవాడు. కాని దాని గురించి రెండు రోజులు ఆలోచించి వదిలేశాడు. అలా పోతే డాక్టరుకి తను ఎందుకు పోతున్నాడో తెలియదు. తెలియకుండా పడే దెబ్బ దెబ్బ కాదు, ప్రమాదం. అదీగాక చచ్చినవాడు కాగితం మీద ఏమీ రాయడు. డాక్టరు పోతే రసం కూడా పోతుంది. అప్పుడు సన్నిబాబు మూడు వేళ్ళూ, వాడి బుర్రా ఉట్టినే పోయినట్టు.

అందుకని ఇరవై ఒక్క రోజులూ లెక్క తప్పకుండా గంజి మొక్కలకే చలి నేర్పాడు. మంచు పడే పొద్దు ముందు రోజు వేళ్ళకి తడి పెట్టాడు, నేల గడ్డకడితే వేరు నీళ్ళు తాగలేదు గనక. ఇంత శ్రద్ధగా అతను ఏ మొక్కనీ పెంచలేదు.

రెండో పని ఎవరికీ కనపడకుండా చేశాడు. ప్రయోగశాల వెనక ఆకుపచ్చ వల కప్పిన నీడపందిరి ఉంది. కరగబెట్టే మంచం అక్కడ పెట్టాలి. ఎదుటి కొండ మీద నుంచి ఎండ లేచేది ఏడుంబావుకి. తూర్పు వైపు రెండు వలలు కలిసే కుట్టు దగ్గర ఒక్క దారం లాగితే, జానెడు వెడల్పు ఎండ ఎక్కడ పడుతుందో నాలుగు పొద్దులు చూశాడు. పడ్డచోట కొలిచి, మంచం చక్రాలకి అడ్డంగా నాలుగు ఇటుకలు పాతాడు.

పరీక్ష సాయంత్రం కృపాకర్ చొక్కా విప్పి చక్రాల మంచం మీద పడుకున్నాడు. సూది పెట్టే ఆయన వచ్చి సిద్ధంగా నిలబడ్డాడు.

"చేతులు ఎలా ఉంచమంటావ్?" అన్నాడు కృపాకర్.

"ఎడంచెయ్యి గుండె మీద ఎట్టుకోండి. కుడిచెయ్యి పక్కకి చాపండి, సూదికి వీలుగా ఉంటది."

కృపాకర్ చాపాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. "నూకరాజూ, నువ్వు నామీద కోపంగా ఉన్నావేమోనని అప్పుడప్పుడు అనుకుంటాను."

"మొక్కలకి నీళ్ళు పోసేవోడికి కోపాలేటండి."

పొద్దున్న ఐదున్నరకి పెట్టె తెరిచి, మంచం తోసుకొచ్చి ఇటుకల మధ్య నిలబెట్టారు. మనిషి గాజుబొమ్మలా ఉన్నాడు, కనుబొమల మీద తెల్లటి నూగు. నూకరాజు అందర్నీ బయటికి పొమ్మన్నాడు. పదిమంది ఊపిరి వేడి కూడా తగలకూడదని అంతకుముందు రోజే కృపాకర్ చేత ఒప్పించిన నియమం అది. వాళ్ళంతా పెద్దవాళ్ళకి ఎదురెళ్ళడానికి గేటు దగ్గరికి పోయారు.

ఏడింటికి కృపాకర్ కనురెప్పలు విడిపోయాయి. నల్లగుడ్లు కదిలాయి. ఇంకేదీ కదలదు. గొంతు కూడా.

నూకరాజు పీట లాక్కుని తల దగ్గర కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీశాడు. ఆస్పత్రి కాగితాన్ని కొయ్యూరు బడిలో మాస్టారు తెలుగులోకి మార్చి రాసిచ్చిన నకలు. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"సద-రు వ్య-క్తి మద్యం సే-వించి ప-రీక్షకు వచ్చి, ఆ వి-షయం దా-చినందువల్ల... నాకు చదవటం ఆలీసమండి, మీరు ఓపిక పట్టాలి. ఎలాగూ ఎక్కడికీ ఎల్లలేరు కదా."

గుడ్లు అతని వైపు తిరిగాయి. తడిగా మెరిశాయి.

"వాడు మజ్జిగ తాగేవోడండి. మీకు తెలుసు. మీ దగ్గర పండగ భోజనాలకి కూడా మజ్జిగే తాగేడు. కింద సాక్షి అని నా పేరు. నాలుగక్షరాలు. ఆ నాలుగక్షరాలు నేర్చుకోడానికి నేను ఐదేళ్ళు బడికెళ్ళేనండి. మీరు ఒక్క పూటలో వాడేసుకున్నారు."

ఎదుటి కొండ అంచు ఎర్రబడింది. నూకరాజు లేచి, కుట్టు దగ్గరికి వెళ్ళి, దారం కొస వేలికి చుట్టుకున్నాడు.

"ఇప్పుడు మీ ఒళ్ళంతా మంచు పట్టిన పాన్సీ ఆకండి. ఎండ తగిలితే ఏమవుద్దో ఆవేళ చెప్పేను, మీరు ఇనలేదు. ఈ వల మొత్తం లాగెయ్యొచ్చు. ఇరవై ఒక్క రోజులూ అదే అనుకున్నాను. పెరట్లో మావోడి పక్కన ఇంకో పీట ఏసి మిమ్మల్నీ కూచోబెట్టొచ్చు, ఇద్దరూ ఎండ సూసుకుంటూ కూచుంటారు."

కృపాకర్ కంటి కొసన నీటిబొట్టు ఒకటి ఊరి, అక్కడే ఆగింది. జారడానికి ఒంట్లో అంత వెచ్చదనం లేదు. నూకరాజు దాని వైపు తీరిగ్గా చూశాడు. జాలేస్తుందేమోనని చూశాడు. వెయ్యలేదు.

"కాని నాకు మీ ప్రాణం అక్కర్లేదండి. రాసిన చెయ్యి చాలు."

దారం లాగాడు. జానెడు ఎండ వల సందులోంచి దిగి, సరిగ్గా మంచం కుడిపట్టె మీద, చాపిన అరచేతి మీద పడింది. అంగుళం ఇటు లేదు, అంగుళం అటు లేదు. ముందు చేతి మీది నూగు మెరిసింది. తర్వాత తడిసింది. చర్మం ఉడికిన వంకాయ రంగుకి తిరిగింది. నూకరాజు పీట మీద కూర్చుని, ఎండ పాక్కుంటూ మణికట్టు దాకా వచ్చేవరకు ఆగి, అప్పుడు గోనె తెచ్చి కప్పాడు. గోనె కప్పడంలో అతన్ని మించినవాడు లేడు.

పదింటికి కృపాకర్ లేచి కూర్చున్నాడు. తన పేరు చెప్పాడు, ఆ రోజు తేదీ చెప్పాడు. వచ్చిన పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. రసం గెలిచింది. ఎలక కొరికి వల కుట్టు విడిందని, చెయ్యి ఒక్కటీ ఎండ బారిన పడిందని అందరూ అయ్యో అనుకున్నారు.

వారం తర్వాత కృపాకర్ గదిలోకి వెళ్ళాడు నూకరాజు. కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. బల్ల మీద పెన్ను మూతపెట్టి ఉంది.

"నీ మీద కేసు పెట్టొచ్చు నేను," అన్నాడు కృపాకర్ మెల్లగా.

"ఎట్టండి. నేనెందుకు చేసేనో చెప్పాలంటే మీరేం చేసేరో ముందు చెప్పాలి."

గది బయట ఎవరో జీపు తుడుస్తున్న చప్పుడు. కృపాకర్ కిటికీలోంచి మడుల వైపు చూశాడు. "ఆవేళ నిజం రాసుంటే ప్రయోగశాల మూసేసేవాళ్ళు. నువ్వు నమ్మవుగాని, నేను డోలీల కోసమే..."

"నమ్మేనండి. అందుకే ఒక్క చెయ్యితో పోయింది."

నూకరాజు కాగితం బల్ల మీద పరిచాడు. మాస్టారు తెలుగులో రాసింది. సన్నిబాబు తాగి రాలేదనీ, చలి చాలని మొక్కల రసం ఎక్కించి, హీటరు వేసి తొందరపడింది తాననీ, ముందు కాగితం అబద్ధమనీ. పక్కన ఇంకు దిండు పెట్టాడు.

"ఎడంచేత్తో సంతకం రాదు నాకు," అన్నాడు కృపాకర్.

"తెలుసండి. వేలిముద్ర ఏద్దురుగాని."

ఆయన ఎడమ బొటనవేలు ఇంకులో అద్దబోయాడు. నూకరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చదవక్కర్లేదు నూకరాజూ. నాకు తెలుసు ఏముందో."

"చదవాలండి. చదవకుండా ఏసిందే కదా ఇంత దూరం తెచ్చింది."

వేలు పెట్టి, అక్షరం అక్షరం, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. పావుగంట పట్టింది. కృపాకర్ బడిపిల్లాడిలా తలొంచుకుని విన్నాడు. ఆఖర్న 'చదివి వినిపించగా విని ఒప్పుకుంటిని' అన్న మాట దగ్గర నూకరాజు వేలు ఆపి చోటు చూపించాడు. అక్కడ పడింది నల్లటి ముద్ర.

అలాంటివే ఇంకో రెండింటి మీదా ముద్ర వేయించాడు. కాగితం ఒకటి విశాఖపట్నం ఆస్పత్రికి పోయింది. ఒకటి ఊరి పంచాయితీ గోడకి అంటించారు. మూడోది నూకరాజు ఇంటికి తెచ్చాడు. మధ్యాహ్నం. పెరట్లో సన్నిబాబు నడినెత్తి ఎండకి మొహం ఎత్తి కూర్చున్నాడు. అప్పలనరస వాడి మూతి తుడుస్తోంది.

నూకరాజు కాగితం చదివి వినిపించాడు. సన్నిబాబు ముందు కూర్చుని, వాడి పేరు వచ్చినప్పుడల్లా కాస్త గట్టిగా చదివాడు. వాడు ఎండనే చూశాడు.

అప్పలనరస కాగితం తీసుకుని వేలిముద్ర కేసి చాలాసేపు చూసింది. "డాకటేరుకి సంతకం రాదేటి?"

"చెయ్యి పోయింది."

"ఎలాగ పోయింది?"

"ఎండ తగిలింది."

ఆమె మొగుడి మొహం చూసింది. తర్వాత అతని చేతులు చూసింది. మట్టి పట్టిన ఆ వేళ్ళ మీద, కాగితం పట్టుకున్న చోట, ఇంకు నల్లగా అంటి ఉంది. లోపలికి వెళ్ళి రెండు కంచాలు తెచ్చింది. అరుగు మీద ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, అన్నం వడ్డించి, తన కంచం ముందు తను కూర్చుంది.

నూకరాజు కూర్చోబోయాడు.

"సెయ్యి కడుక్కో," అంది.

అతను బావి దగ్గరికి వెళ్ళి కడిగాడు. తిరిగొచ్చి చాపాడు. ఆమె చూసి తల అడ్డంగా ఊపింది. మళ్ళీ వెళ్ళాడు. కుంకుడురసం పోసి, పీచు పెట్టి రుద్దాడు. అరుగు మీద అన్నం చల్లారుతోంది.